చుట్టు పుస్తకం అందినవారికి

సువార్తా,
ఈ మంగళవారం పుస్తకం నీ ఇంటికొచ్చింది.
అట్ట మీద పచ్చడి మరక చూసి ముఖం చిట్లించకు,
అది కొత్తపేట కరీముల్లా గారి ఎండాకాలం.
పొగాకు కంపెనీలో లెక్కలు రాసుకునే లెడ్జరు.
పాత రేడియోల పిచ్చి పట్టిన పదకొండు మందిమి
ఇల్లిల్లూ తిప్పుతున్నాం దీన్ని,
అరండల్‌పేట నుంచి నల్లపాడు దాకా
సైకిల్ క్యారియర్ మీదే పెరిగింది.

చేరిన రోజే రాయకు.
ముందు వెనక్కి తిప్పు.
నువ్వడగబోయే ప్రశ్న
ముప్పై ఏడో పేజీలో ఏసుపాదం అడిగే ఉంటాడు,
నలభైలో తిరుపతమ్మ
టంకం పెట్టినంత శుభ్రంగా జవాబు చెప్పే ఉంటుంది.
దొరక్కపోతే అడుగు, సిగ్గెందుకు.
కానీ "రేడియో పలకట్లేదు, ఏం చెయ్యాలి" అనకు,
డాక్టరు ముందు కూర్చుని
"బాలేదు" అని ఊరుకున్నట్టుంటుంది.
ఏ కంపెనీ, ఎన్ని వాల్వులు,
గుర్రుమంటోందా, వేడెక్కాక మూగబోతోందా,
నువ్వేం విప్పావు, విప్పి ఏం పోగొట్టావు,
అన్నీ రాయి.
పోగొట్టింది తప్పక రాయి.

పైన గీత గీసి విషయానికో పేరు పెట్టు.
"ఒక మాట" అని పెడితే
ఏడాది పోయాక వెతుక్కునేవాడు
ఏ మాటని వెతుక్కుంటాడు?
ముందువాళ్లు రాసిందంతా మళ్లీ ఎక్కించకు.
చలమయ్య గారు అదే చేసేవారు,
నాలుగు పేజీలు మన మాటలే మనకప్పజెప్పి
చివర "నిజమే" అని సంతకం.
కాగితం ఊరికే రాదు,
మోసేవాడికి బరువు కూడా.

మనవరాలి ఓణీల ఫంక్షను, ఎన్నికలు, వాస్తు,
మోకాళ్ల నొప్పులకు నూనె, మిర్చియార్డులో ధర,
ఇవి పుస్తకంలో వద్దు.
బ్రిడ్జి పక్క టీ బడ్డీ దగ్గర చెప్పు,
నేనూ వింటాను, మిర్చి ధర నాకూ కావాలి.

కోపమొస్తే
పెన్ను మూత తియ్యకు. బియ్యం ఏరు.
పుస్తకం మూడు రోజులు నీ దగ్గరే ఉంటుందిగా,
మూడో రోజు రాయి.
ఎగతాళి కాగితం మీదకెక్కితే
కన్నుగీటడం కనిపించదు,
ముల్లొక్కటే కనిపిస్తుంది.

నీకెలా తెలుసంటావా,
తొంభై రెండో పేజీ చూడు.
నాగూర్ అని పట్టాభిపురం కుర్రాడు,
గుండ్రటి చేతిరాత.
"ఎర్త్ వైరు ఎందుకండీ?" అని అడిగాడు.
కింద నా అక్షరాలు:
"ముందు నిక్కరు జారకుండా కట్టుకోవడం నేర్చుకో నాయనా,
ఎర్త్ తర్వాత."
దాని కింద ముగ్గురు పెద్దమనుషులు
"హహ్హ" అని పొట్టి సంతకాలు.
నాగూర్ పేరు ఆ తర్వాత ఏ పేజీలోనూ లేదు.

నాలుగేళ్లకి లాలాపేటలో
ఇస్త్రీపెట్టె బాగుచేయించుకోబోతే
రసీదు మీద అదే గుండ్రటి రాత.
నన్ను గుర్తుపట్టలేదు,
పట్టినా చెప్పలేదు.
"ఎర్త్ వైరు ఊడిందమ్మా, షాక్ కొట్టేది, కలిపేశాను"
అన్నాడు, నలభై రూపాయలు తీసుకుని.
నేను క్షమించమనలేదు.
చిల్లర లెక్కపెట్టుకున్నాను.

ఆ పేజీ చింపేద్దామన్నారు కరీముల్లా గారు.
వద్దన్నాను.
ఈ పుస్తకంలో చింపడాలు లేవు,
కొట్టివేతైనా చదవడానికి వీలుగా
ఒక్క గీతే.

ఇంకేముంది,
అడుగున పేరు రాయి, పేట రాయి, బిరుదులొద్దు.
అమ్మేది ఉంటే ఆఖరి పేజీలో ధరతో సహా పెట్టు,
ఊరించకు.
ఊరెళ్తుంటే ముందే చెప్పు,
పుస్తకం తాళం వేసిన తలుపు ముందు నిలబడకూడదు.
వానైతే పాలకవర్లు రెండు తొడుగు.

నీ తర్వాత సంగడిగుంట మస్తాన్‌వలీ.
మధ్యాహ్నం వెళ్లకు, నిద్రపోతాడు.
సాయంత్రం ఆరింటికి
గుమ్మంలోకే గరగరలు వినిపిస్తాయి.
స్టేషను దొరికేదాకా ఆగి
అప్పుడు తలుపు కొట్టు.

కనకవల్లి,
బ్రాడీపేట, నాలుగో లైను