నాలుగు వందల పదిహేడో రాయి

రాయిని కొట్టి వింటాను. అదే నా పని.
సుత్తి మొన తగిలించి చెవి ఆనిస్తే
మంచిదైతే కంచులా మోగుద్ది,
లోపల జీర ఉంటే దగ్గినట్టు పలుకుద్ది.
తర్వాత నీళ్ళు పోస్తాను. రాయంతా ఆరాక
ఆరని గీత ఒక్కటి మిగిలిందంటే అదే పగులు.
పక్కన ఎర్ర రంగుతో నంబరు వేస్తాను.
చీమకుర్తిలో ఇరవై రెండేళ్ళుగా ఇదే నా రాత,
అంకెలు తప్ప ఇంకేం రాయను.

ఆ మధ్యాహ్నం రామతీర్థం దారిలో
డంపర్ల దుమ్ములోంచి కారు దిగిందామె.
నాకంటే ఒక్క చాయ నలుపు,
తలచుట్టూ పసుప్పచ్చ గుడ్డ, మగాళ్ళ బూట్లు.
రూడో అని పేరు. పుట్టింది జింబాబ్వే, ఉండేది బ్రిస్టల్.
బొమ్మలు చెక్కుద్దంట.
మేనేజరు చెంచురామయ్య ఏసీ గదిలో కుర్చీ తుడిపించాడు.
ఆమె కూర్చోలేదు.

గని అంచున నిలబడి చాలాసేపు చూసింది,
మెట్లు మెట్లుగా కోసిన కొండ లోపలికి,
అడుగున పచ్చగా నిలిచిన నీళ్ళలోకి.
తర్జుమా కుర్రాడు చెప్పాడు:
వాళ్ళమ్మమ్మ ఊళ్ళోనూ నల్లరాయేనంట,
కొండనిట్టాగే కోసి ఓడెక్కిస్తారంట,
ఊళ్ళో పొయ్యి కిందకి మాత్రం ఇటుక ముక్కలేనంట.
నవ్వాను. మా ఇంటి గడప సిమెంటుది.

ఫోన్లో తన బొమ్మలు చూపించింది.
ఒకటి ఆడమనిషి వీపు. వీపే, మొహం లేదు.
ఇంకోటి పక్షి వాలే చోటు. పక్షి లేదు.
ఏదమ్మా పిట్ట అన్నాను.
ఎప్పుడో దొరలు ఎత్తుకుపోయిన రాతి పక్షులంట,
ఒక్కొక్కటే ఇల్లు చేరినయ్యంట.
ఇది వాటికోసం ఉంచిన చోటంట.

మీ రాళ్ళలో ఆత్మ ఉంటుంది గదా,
మీరు దాన్ని బయటికి తీస్తారు గదా
అని అక్కడ అందరూ అడుగుతారంట.
ఆమె రాయిని అరచేత్తో చరిచింది:
ఆత్మ సంగతి నాకు తెలీదు, టన్నెంతో చెప్పు.
ఆ మాటతో మా ఇద్దరికీ కుదిరింది.

మేలైనవి చూపించాను. మచ్చలేనివి,
కొత్తపట్నం ఇసకలో పడుకుంటే
కనిపించే ఆకాశమల్లే చుక్కలు పరుచుకున్నవి,
వంటగట్లకీ సమాధులకీ పోయేవి.
తలూపి ముందుకు పోయింది. డంపు దగ్గర ఆగింది.
నాలుగేళ్ళ కింద నేనే పారేయమన్న రాయి,
417, పక్కనే పెద్ద ఇంటూ గుర్తు,
నడుం మీదుగా కోడిపేగంత జీర.
ఇది కావాలంది.

చెంచురామయ్య నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు.
పగిలిపోద్దమ్మా అని కొట్టి వినిపించాను.
దగ్గింది.
సుత్తి తీసుకుని తనూ కొట్టి, చెవి ఆనించి
అట్టాగే ఉండిపోయింది,
జబ్బు మనిషి గుండె వినే నర్సు మాదిరి.

తొమ్మిది నెలలకు వాట్సాప్‌లో ఫోటో.
కృష్ణపట్నంలో ఓడెక్కిన రాయి
తెల్లటి హాల్లో నిలబడి ఉంది.
ఒక పక్క అద్దం, మూడు పక్కలా మా డ్రిల్లు గాట్లు.
జీర ఉన్నచోట రెండుగా విప్పింది,
మధ్యన మనిషి పట్టేంత సందు.
ఒక్కొక్కరే ఒదిగి దాటుతున్నారు.
నా నంబరు తుడవలేదు. తలకిందులుగా ఉంది,
ఏడుకి నేను పెట్టే అడ్డగీతతో సహా.

ఇందులో ఆఫ్రికా ఎక్కడని పేపరాయన అడిగాడంట.
ఆమె ఏమందో రాయలేదు.
గోడమీద చీటీని కుర్రాడు చదివి చెప్పాడు:
గ్రానైట్, పాత పెయింటు, చీమకుర్తి మీరావలి చేతిరాత.
పేరులో ఒక అక్షరం తప్పు పడింది.

హుసేన్‌బీకి చూపించాను. తడిచెయ్యి తుడుచుకుని
వేళ్ళతో పెద్దది చేసి చూసి
'ఇంటూ పెట్టావే, నువ్వు వద్దన్నదేనా?' అంది.
ఔనన్నాను.

ఈ పొద్దున 1163 కొట్టాను. దగ్గింది.
ఇంటూ పెట్టాను. పని పనే.
కాకపోతే అంకెలు
కొంచెం నిదానంగా వేశాను.