పురుగు తొవ్వ

'చినిగిన పుస్తకాల మరమ్మతు నేర్పబడును,
ఆదివారం, ఉదయం పది గంటలకు' అని
నేనే రాసి అంటించిన కాగితం
మక్తల్ శాఖా గ్రంథాలయం గేటు మీద
ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటుంది.
అంటించుడే సరిగ రాని నేను
ఊరందరినీ అతుకుడు నేర్సుకోను పిలిచిన.

రాయచూరు బైండరు పదిన్నరకు ఫోన్ చేసిండు:
'రైలు తప్పింది సార్, కృష్ణ దాటలే ఇంకా.'
ఫోను పెట్టేసి తిరిగి చూస్తే
బల్ల చుట్టూ ఏడుగురు.

రిటైరైన కండక్టర్ శరణప్ప,
టికెట్లు చింపిన వేళ్లే, పేజీలు తడుముతున్నయి.
ఇంటర్ పిల్ల ఆఫ్రీన్, చెల్లెను చంకల ఏసుకొని.
గ్రూప్ ఫోర్ పిల్లలు ముగ్గురు
(వీళ్లొచ్చింది ఫ్యాను కిందికి, నాకెరుకే).
పంచరు దుకాణం తాయప్ప:
'అతుకు అతుకే గద సారూ,
ట్యూబైతేంది, బుక్కైతేంది?'
ఏడో మనిషి కుర్వ బీరమ్మ.
ఆమె మరమ్మతుకు రాలే.
కరెంటాఫీసు ఆదివారం బందని తెల్వక
బిల్లు ఎవరితోనన్న చదివించుకుందామని
తలుపు తెరిచున్న చోటికి వచ్చింది.

బల్ల మీద ఒక పుస్తకం, కాదు, ఒక కుప్ప.
అట్ట లేదు, పేరు లేదు,
అంకెలున్న మూలలన్నీ ఎలుకలు తిన్నయి.
ఇంటి వైద్యం పుస్తకమది.
ఆకుకొక మందు.
తేలుకాటు ఒక దాని మీద, చెవిపోటు ఇంకోదాని మీద,
ఎక్కడిదక్కడ మొదలై అక్కడే అయిపోతది.
చదివితే వరుస దొరికే పుస్తకం కాదు.
గ్రూప్ ఫోర్ పిల్లలు అక్షరక్రమం అన్నరు.
శరణప్ప తలనొప్పితో మొదలుపెట్టి
కాళ్లదాక పోదామన్నడు.
నేనైతే చేతులు కట్టుకున్న.

బీరమ్మ ఒక ఆకు లేపి
కిటికీకి అడ్డం పట్టింది.
'గీ తూటు సూడు సారూ.
పురుగు పోయిన తొవ్వ.
పురుగు దుంకది.
ఆకు ఇడిసి ఆకు పోది.'

ఆవగింజంత తూటు పక్కన ఆవగింజంత తూటు,
ఇంకో ఆకుల ఇంత జరిగి, ఇంకోదాంట్ల ఇంత వంగి,
పొలం గట్టు మీద నడిచే మనిషి తీరు
నడుసుకుంటనే పోయింది పురుగు.
గంటసేపట్ల నూట నలభై ఆకులు
వాటి జాగల అవి కూసున్నయి.
ఒక్క చోట ఆమె చెయ్యి ఆగింది.
'నడుమ ఒక్కటి తక్కువుంది.
ఈడికెల్లి ఆడికి తూటు ఒక్కసారే అంత జరగది.'

ఆఫ్రీన్ తన నోట్సుల నుంచి తెల్లకాగితం చింపి ఇచ్చింది.
బీరమ్మ దాన్ని నడుమ పెట్టి,
సంచిల నుంచి దబ్బనం తీసి,
రెండు తూట్ల మధ్య అందాజ చూసి
ఒక్క పోటు పొడిసింది.
'తొవ్వ తెగొద్దు.'

నేను కలిపిపెట్టిన మైదా చూసి నవ్వింది:
'పురుగును పిలిచి బువ్వ పెడ్తున్నవా?
గొంగడికి మేం చింతగింజల గంజి పడ్తం.
పైవారం తెస్త తీయ్.'
ఇగ గొంగడి పట్టీలు రెండు కలిపే కుట్టు
నిదానంగ, ఏళ్లు కనపడేటట్టు, చూపించింది.
తాయప్ప మూడు సార్లు తప్పిండు.
నేను ఎన్నిసార్లో చెప్పను.

జిల్లా ఆఫీసుకు పంపే కాగితంల
'శిక్షకుల పేరు, అర్హత' అని రెండు గడులుంటయి.
మొదటి దాంట్ల బీరమ్మ అని రాసిన.
రెండో దాంట్ల చాలాసేపు పెన్ను ఆపి,
'ఉన్నది' అని రాసిన.

సాయంత్రం తాళం వేయబోతూ పుస్తకం తెరిస్తే
ఆ తెల్లకాగితం పక్కన మడతపెట్టి ఉంది
కరెంటు బిల్లు.
అది చదవడానికే వచ్చింది ఆమె.
ఏడుగురిల ఒక్కరం చదివి పెట్టలే.

సోమవారం పొద్దుగాల
కరెంటాఫీసు వరుసల నిలబడ్డ,
నూట పద్నాలుగు రూపాయలు చేతుల పట్టుకొని.
నా ముందు పదకొండు మంది.
దుంకకుండ, ఒకరి వెనక ఒకరం.