పోటు

నా పని లెక్కపెట్టడం.
కొత్త యంత్రాన్ని ఎందరు ముట్టుకున్నారు, ఎందరు తప్పించుకు తిరుగుతున్నారు.
వీపు మీద ‘నన్నడగండి’ అని రాసున్న పచ్చ చొక్కాతో
వారంగా స్లైగో ఆసుపత్రి వార్డులో నిలబడ్డాను.
ఎవరూ అడగలేదు.

అట్రాక్టా ముప్పయ్యొక్కేళ్ళ నర్సు.
జ్వరాన్ని అరచేతిలో రాసుకుని
తీరిగ్గా కాగితం మీదికి దించే మనిషి.
ఇప్పుడు మంచం మంచానికీ కంప్యూటరు బండి నెట్టాలి,
ఒక చక్రం కీచుమంటుంది,
మూడు నిమిషాలు తాకకపోతే తెర నల్లబడి
నువ్వెవరని అడుగుతుంది.
“ఇన్నేళ్ళలో ఈ వార్డులో
నన్నెవరూ అలా అడగలేదు” అని
నా మీది కోపం బండి మీద చూపించింది, ఒక్క తన్ను.

రాత్రి. కిటికీకి అడ్డంగా కొడుతున్న అట్లాంటిక్ వాన.
మూడో మంచం మాలకీ ఫీనీ, ఎనభైరెండేళ్ళు,
ముల్లామోర్ రేవులో పడవ నడిపినవాడు.
నొప్పి ఎంత, సున్నా నుంచి పదిలోపు చెప్పమంది తెర.
“పోటు” అన్నాడాయన.
“వస్తుంది, పోతుంది. దానికి అంకేమిటి?”
గడిలో పోటు పట్టదు.
గడి నింపనిదే తెర ముందుకు కదలదు.
ఆమె నా వైపు చూసింది. నేను నా బూట్ల వైపు.

“దాన్నిలా తిప్పు” అన్నాడు ముసలాయన.
తిప్పకూడదు. తెర నర్సు వైపే ఉండాలి,
నేనే నేర్పాను, పదకొండో పేజీ.
తిప్పింది.

నాలుగు రోజుల జ్వరం
ఒక నీలిగీతై లేస్తోంది, పడుతోంది.
కళ్ళజోడు తడుముకుని, గీత మీద వేలు పెట్టి
రేవులో నీటి లెక్కలు చదివినట్టు చదివాడు:
“ఇది ఆటు. ఇది పోటు.
రోజుకో గంట వెనక్కి జరుగుతోంది చూడు.
ఇవాళ నాలుగింటి దాకా రాదు.
పోయి టీ తాగిరా పిల్లా.”

యాభైఎనిమిదేళ్ళ పిల్ల
టీ తాగి వచ్చింది.
నాలుగుంపావుకి దుప్పటి కింద వణుకు మొదలైనప్పుడు
మాత్రా నీళ్ళూ పట్టుకుని పక్కనే ఉంది.
తర్వాత రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ,
అడుగున ఎవరూ వాడని ఖాళీ గడిలో కొట్టింది:
‘పోటు రోజుకో గంట ఆలస్యం. చెప్పింది ఫీనీ.’

తెల్లారి నా నివేదిక తెరిచాను.
వాడకం, నూటికి నలభయ్యొకటి.
మూడో మంచం: తెర సరైన దిక్కున ఉందా, లేదా?
గడి నింపనిదే ముందుకు కదలనంది.
వేలు పైకెత్తి అలాగే కూర్చున్నాను.
మూడు నిమిషాలు.
నల్లబడి,
నువ్వెవరని అడిగింది.