లోపలి గడియ

ఈ గోడలకి రంగు ఆగదు.
ఏ ఎండాకాలం వేసినా తొలకరికల్లా
పొక్కులు కట్టి రాలుతుంది.
జైలు కాకముందు ఇది ఉప్పు కొఠారు.
కాలవ రేవులో పడవ దించిన ఉప్పు
బస్తాలతో వెళ్ళిపోయింది,
ఇటుకల్లో ఉండిపోయింది.

"దొరలు ఉప్పు తోడేసి మనుషుల్ని పోశారే"
అనేవాడు తాత, పితాని సూరన్న.
మూడో గదిలో ఇరవై ఒక్క రోజులు.
వంతు కాని రాత్రి తూము పలక ఎత్తాడు,
లస్కరు లాంతరు ముఖం మీద పెట్టాడు.
కాగితంలో దొంగతనం అని రాశారు.
"ఎటూ సముద్రంలో కలిసే నీళ్ళు,
నా చేలో ఓ పూట నిలబడితే దొంగతనమా?"

పన్నెండో రోజు గాలివాన.
ఊళ్ళో నిలిచిన కప్పు ఇదొక్కటే.
వార్డరు ఏసురత్నం అన్ని తాళాలూ తీసి
తాళంచెవులు నోట కరుచుకుని
మనుషుల్ని లోపలికి లాగాడట.
మొలలోతు నీళ్ళలో
తాత మెడ మీద ఎవరిదో పిల్ల.
తెల్లారాక తెలిసింది, లస్కరు కూతురని.
పదకొండు మంది ఉండాల్సిన చోట
మూడొందల మంది.
ఏసురత్నం లెక్క పెట్టలేదు,
గంజి కాయించాడు.

తాత ఇంటికి వెళ్ళాడు, ఇల్లు లేదు.
మిగిలిన తొమ్మిది రోజులకి
తిరిగొచ్చి గదిలో కూర్చున్నాడు.
"నిజాయితీ కాదే, తడవకుండా పడుకోవచ్చని."

తర్వాత జైలు పట్నానికి పోయింది.
కొన్నాళ్ళు బందెలదొడ్డి.
చేలోపడి మేసిన గేదెలు
జరిమానా కట్టేదాకా
అవే ఊచల వెనక నెమరేశాయి.
ఆపైన రేషను గోడౌను. ఆ కిరసనాయిలు వాసన
ఇప్పటికీ వానకి లేస్తుంది.

ఇప్పుడు నా అంగన్‌వాడీ.
మూడో గదిలో పద్నాలుగు చాపలు.
కిటికీ మరీ ఎత్తు, పిల్లలకి
ఆకాశం తప్ప ఏమీ కనపడదు.
నిన్న జోయెలు అడిగాడు,
"టీచరమ్మా, ఈ తలుపుకి లోపల గడియ లేదేం?"

నాలుగేళ్ళుగా తీస్తూ వేస్తూ
నేనే చూడలేదు.
ఉప్పుకీ, తాతకీ, గేదెలకీ, బియ్యానికీ
అందరికీ బయటే గడియ.

ఇండెంటు పెడితే ఏడాది పడుతుంది.
వడ్రంగి వీరబ్రహ్మాన్ని నేనే పిలిచాను.
పిల్లలకి అందేంత కిందకి పెట్టమంటే
వింతగా చూసి, బర్మా తిప్పాడు.
గోడలోంచి తెల్లగా పొడి రాలింది.
జోయెలు వేలు అద్ది నాకి
మొహం చిట్లించి,
మళ్ళీ అద్దాడు.