ఏడో రంగానికి చోటు

పాత గోడ కేలండరు వెనక్కి తిప్పి
స్కేలు పెట్టి గళ్లు గీశాను.
ఆరు వారాలు. పదకొండు మంది.
హాలు తాళంచెవి ఒక్కటే,
అదీ శనివారాలు పెళ్లివాళ్ల దగ్గరుంటుంది.

ఇరవై ఆరేళ్లు రైల్వేలో టైంటేబుళ్లు గీసినదాన్ని.
ఒకే పట్టామీద వచ్చే రెండు బళ్లు
ఎదురుపడకుండా తప్పించడమే నా ఉద్యోగం.
ఇప్పుడు ఎదురుపడేలా చెయ్యమంటున్నారు!

జెస్టాఫోనిలో ఎవరి రోజూ వాళ్ల చేతిలో ఉండదు.
ఫ్యాక్టరీ సైరన్ కూస్తే
కోట ముట్టడి మధ్యలోనే
సగం సైన్యం టిఫిన్ డబ్బాలు పట్టుకుని వెళ్లిపోతుంది.
గూఢచారికి పన్ను పీకించారు, మాట ముద్దగా వస్తోంది.
ద్రాక్షకోతకి పుట్టింటికెళ్లిన రాణిగారు
ఎప్పుడొస్తారో ద్రాక్షనే అడగాలి.

ముసలి రాజు జుంబెర్
మంగళ, గురు, శనివారాలు కుతైసి వెళ్లి
రక్తం శుభ్రం చేయించుకుని వస్తాడు.
ఆ గళ్లలో నేనేమీ రాయలేదు,
పెన్సిలుతో చిన్న సున్నా చుట్టానంతే.
వంగి చూశాడు. కళ్లజోడు సర్దుకున్నాడు.
"నా చావు మాత్రం రెండో వారంలోనే పెట్టెయ్, త్సియాలా,
చివరిదాకా ఆగితే
రిహార్సలేదో అసలేదో మీకు తెలీదు" అన్నాడు.
నవ్వాను కాబోలు.
రబ్బరు పొట్టు చాలాసేపు ఊదుతూ కూర్చున్నాను.

అన్నీ కుదిరాయి, ఏడో రంగం తప్ప.
కోట తలుపు దగ్గర వీడ్కోలు. ఇద్దరే ఇద్దరు.
బద్రీకి కొలిమి దగ్గర రాత్రి షిఫ్టు,
మ్జెవినార్‌కి రొట్టెల బట్టీలో పగలు.
అతని నిద్ర ఆమె మెలకువ,
ఆమె దీపం ఆర్పే వేళకి అతను బూట్లు తొడుక్కుంటాడు.
మూడు రాత్రులు గళ్లు చెరిపి రాశాను,
కాగితం చిల్లు పడింది.
ఆ చిల్లులోంచే కనిపించింది:
ఐదూ నలభై, వంతెన దగ్గర బస్టాపు.
అతను దిగే బస్సుకీ ఆమె ఎక్కే బస్సుకీ మధ్య
పన్నెండు నిమిషాలు.

మొదటి రోజు చలికి మాటలు వణికాయి.
రెండో రోజు కుక్క వచ్చి అడ్డంగా పడుకుంది.
మూడో రోజు
మసి చేతులతో అతను ఆమె పిండి చేతులు పట్టుకుని
"తలుపు మూసేస్తారు, వెళ్లు" అన్నాడు.
ఆమె కదల్లేదు. స్క్రిప్టులో కదలాలి.
బస్సొచ్చి ఆగింది. తలుపు బుస్సుమని తెరుచుకుంది.
డ్రైవరు స్టీరింగు మీద మోచేతులు ఆన్చి చూసి చూసి
"వస్తావా, ఉంటావా అమ్మాయీ?" అన్నాడు.

ఎవరూ రాయని ఆ మాట కోసమే
ఆ రంగం ఇన్నాళ్లూ ఆగినట్టుంది.

ఇంటికొచ్చి జాబితా కింద పన్నెండో పేరు చేర్చాను:
అవ్తాండిల్, కోట కాపలావాడు.
ఖాళీ సమయం: రోజూ ఐదూ యాభై రెండుకి,
ఒక్క నిమిషం.