గొలుసు కొలత

పదైదు దినాలకని చెప్పినాడు
పశువులాస్పత్రి కాంపౌండరు దాదాఖలందర్.
"అంతలోపల ఎవరో ఒకరు దొరుకుతార్లేమ్మా" అన్నాడు
ఆటోలోంచి దాన్ని దించి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటా.
ఇదివరకు ఇట్లే రెండిట్ని సాకి పంపించినా కదా,
ఒకటి కదిరికి, ఒకటి పోలీసు లైన్లో హెడ్డు గారింటికి.
మూడోది ఏం బరువు?

బరువే లేదు.
గోనెసంచిలో కట్టెపుల్లలు పోసినట్టుండాది.
ధర్మవరం దాటినాక మూతపడిన అద్దకం షెడ్డు వెనక
కిటికీ ఊచకు కట్టినారంట,
తాళమేసేటప్పుడు యంత్రాలన్నీ లెక్క రాసుకున్నారంట.
మెడ చుట్టూ గొలుసు తిన్నచోట వెంట్రుకల్లేవు,
తోక చివర మాత్రం ఇంకా పోని నీలిరంగు.

గొలుసు తీసేసినాం.
అది పెరట్లో మునగచెట్టు మొదట్నుంచి
నాలుగు మూరలు నడిచి ఆగింది.
ఇంకో పక్కకు నాలుగు మూరలు, ఆగింది.
ఎవరో లాగినట్టు తల వెనక్కి ఇచ్చి
తిరుక్కునింది.
మేం మగ్గం మనుషులం, చూపుతోనే కొలుస్తాం.
వేలెడు ఎక్కువ లేదు, వేలెడు తక్కువ లేదు.
ఐదో మూరలో నీళ్ళ గిన్నె పెడితే
నాలుక చాపుకొని నిలబడిందేగానీ
కాలు పెట్టలా.

పేరు పెట్టొద్దని పాపకు ముందే చెప్పినా.
పేరు పెడితే పంపలేమని
కదిరికి పోయినదాంతో నేర్చుకున్నా.
పావని సరేనని తలూపింది.
లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో మాత్రం
నీలి, నీలి, నీలి, అని రాసిపెట్టుకునింది.

మా అత్త ఓబుళమ్మ గడప దిగలేదు.
"లోపలికొస్తే కాళ్ళిరగ్గొడతా,
మగ్గం గుంతలో పడి చస్తే ఆ పాపం నాకా?" అనింది.
అది వస్తే కదా.
మా ఆయన మగ్గంలో దిగి నాడె ఇసిరినప్పుడల్లా
ఆ పెరట్లో దాని చెవులు అణిగిపోయేవి,
ఉచ్చ కూడా పోసేసేది.
ఆ మనిషి రెండు దినాలు చూసి
మూడోదినం పలక మెల్లగా కొట్టడం మొదలుపెట్టినాడు.
నేత పలచబడుతుందని నేనే తిట్టినా.

గిన్నెను దినానికి జానెడు జరిపేదాన్ని.
ముందు దాని దగ్గరికి, తర్వాత దూరానికి.
పనుల్లో పడి మర్చిపోయిన దినం కూడా
పొద్దున్నే చూస్తే గిన్నె జరిగుండేది,
అందులో నేను వెయ్యని రాగిసంగటి ముద్ద,
వేళ్ళతో నలిపి, గడ్డలు లేకుండా.
నేను అడగలా, ఆమె చెప్పలా.

నలభై దినాలయినాక హిందూపురం నుంచి ఫోనొచ్చింది.
మంచివాళ్ళే, పెద్ద కాంపౌండు,
ఆదివారం కారులో వస్తామన్నారు.
ఫోను చేత్తో మూసి నేనింట్లోకి చూసినా.
లోపల మగ్గం ఆగింది.
మా అత్త చాటలో బియ్యం ఏరుతా
తలెత్తకుండా అనింది:
"సచ్చిపాయనని చెప్పు."
మళ్ళీ పెరటి పక్క చూసి
గొంతు తగ్గించింది,
"మెల్లిగా చెప్పు, అది ఇంటాది."

దానికంతా నయమైపోయిందని నేననను.
ఇప్పటికీ వానొచ్చే ముందు
మునగచెట్టు కింద నాలుగు మూరల్లోనే తిరుగుతాది.
పిలిస్తే చూస్తాది, రాదు.
మేమూ లాగం.

మిగతా దినాల్లో మగ్గం గుంతలో
మా ఆయన కాళ్ళకానుకొని పండుకుంటాది.
పలక గట్టిగానే పడతాంది.
పోయిన నెల సావుకారి
జరీ అంచులో గోధుమరంగు వెంట్రుక ఒకటి దొరికిందని
ముప్పై రూపాయలు పట్టుకున్నాడు.
ఆయనకు దొరకనివి ఎన్ని పోయినాయో,
ఏ ఊరి పెండ్లికూతురు
ఏ కుచ్చిళ్ళలో
మా నీలిని కట్టుకొని తిరుగుతాందో.