పై గంట ఒకటి, కింది గంట రెండు

ముప్పైయొక్క ఏళ్ళు మనుషుల్ని గాలిలోకి పంపావు,
ఒక్కసారీ నువ్వు ఎక్కలేదు.
నువ్వు పోయిన రోజు దాకా ఈ సంగతి మాకు తెలీదు.
పక్కింటి త్సియాలా చెప్పింది,
చిక్కుడు గింజల గిన్నె గరిటెతో గీకుతూ,
ఊరందరికీ తెలిసిందే అన్నట్టు.

చియాతురాలో మా ఇల్లు లోయ అడుగున.
మాంగనీసు గనులు కొండ అంచున.
మధ్యలో తీగ,
తీగ మీద తుప్పు తేలిన నీలం డబ్బా.
కింది గదిలో స్టూలు మీద నువ్వు,
చేతిలో మీట,
మేకుకి అల్లిక సంచీ.
పైనుంచి ఒక గంట: తలుపేశాం.
నీ నుంచి రెండు: లాగుతున్నా.
నాకు అంకెలు వచ్చింది అక్కడే.
మూడు నేర్చుకోవడానికి మాత్రం
బడికి పోవాల్సొచ్చింది.

ఆరేసిన దుప్పటి సాయంత్రానికి మసి రంగయ్యేది.
నీ మెడ ముడతల్లో సన్నటి నల్ల గీతలు,
ఎంత రుద్దినా పోయేవి కావు.
ఎవరో పెన్సిలుతో నీ బొమ్మ మొదలెట్టి
మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు.

కరెంటు లేని ఆ ఏళ్ళలో
ఒక చలికాలం సాయంత్రం
క్విరిలా నది మీద, నడిగాలిలో
డబ్బా ఆగిపోయింది.
లోపల ఒక్కడే, తొమ్మిదేళ్ళ జాజా.
టెలిఫోనులో వాడి ఏడుపు.
"ఏడవకు. వంట చేద్దాం" అన్నావు.
"ముందు అక్రోట్లు దంచు. దంచావా?
వెల్లుల్లి ఎన్ని రెబ్బలు? నాలుగు చాలవు, పిసినారీ!
కోడి ఉడికిందో లేదో మూత తీసి చూడు."
మూడు గంటలు.
లేని పొయ్యి మీద, లేని గిన్నెలో
వాడి చేత పెళ్ళి భోజనమంతా వండించావు.
డబ్బా దిగగానే వాడు అన్న మొదటి మాట: "ఆకలి."
నీ సంచిలో ఒక్క జొన్నరొట్టె, అదీ చల్లారింది.
విరిచావు. పెద్ద ముక్క వాడికే, నాకు గుర్తుంది,
నాకింకా కోపమే.

పాత డబ్బాలు ఆపేశారు, కొత్తవి ఇంకా రాలేదు,
సరిగ్గా ఆ సందులో చూసుకుని చచ్చిపోయావు.
శ్మశానం కొండ మీద.
నాలుగు నిమిషాల్లో ఊరందరినీ చేర్చినదానివి
లారీలో, గుంతల్లో,
మెలికల దారంతా తిరిగి తిరిగి
ముక్కాలు గంట పట్టింది నీకు.
ముందు కుడి మూల పట్టింది జాజా,
బట్టతల వచ్చేసింది వాడికి.

తర్వాత మామయ్య నీ లెక్కల పుస్తకాలు దింపాడు.
ఏముంటుందని, గాలి, మంచు, జనం.
"ఫిబ్రవరి 9. గాలి ఎక్కువ. 211 మంది. ఒక మేక.
మేకకి టికెట్ తీసుకోలేదు."
"ఆగస్టు 3. మధ్యాహ్నం సెలవు. ఆడపిల్ల."
ఆ ఆడపిల్ల మా అమ్మ.
"ఆగస్టు 6. ఎండ. 340 మంది."
తాతయ్య పోయిన రోజు వెతికాను.
"వాన" అని ఉంది.
సంఖ్య రాయాల్సిన చోట ఖాళీ.

ఎందుకు ఎక్కలేదని త్సియాలాని అడిగాను.
"భయం" అంది.
కాసేపాగి, "కాదులే,
తను ఎక్కితే మీట దగ్గర ఎవరుంటారని" అంది.
మళ్ళీ కాసేపాగి, "భయమే" అంది.

నేను నిన్ను బెబో అనేదాన్ని.
నువ్వూ నన్ను బెబో అనేదానివి.
మా వైపు పెద్దవాళ్ళు
తమ పిలుపే తిప్పి పిల్లలకిస్తారు.
ఒక్కదానివి పోయావు,
ఇద్దరు బెబోలు లేకుండా పోయారు.

కొత్త డబ్బాలు వచ్చాయి.
తలుపులు వాటంతటవే మూసుకుంటాయి,
గంట లేదు, మీట లేదు,
అద్దంలోంచి నీ గది కప్పు కనిపిస్తుంది,
దాని మీద ఎవరిదో ఒంటి చెప్పు.
కదిలే ముందు
వేలితో అద్దం మీద రెండుసార్లు కొట్టాను.
ఎదుటాయన తలెత్తి చూశాడు.
ఉల్లిపాయల సంచీ
కాళ్ళ మధ్యకి జరుపుకున్నాను.